కుమారిని నిద్రపుచ్చిన పన్నెండు రాత్రులు

మా కుమారి 1961 నవంబరు 9న పుట్టింది. ఏడు వారాలు అందరి పిల్లల్లాగే పడుకుంది. డిసెంబరు 28 రాత్రి పన్నెండుకు లేచి ఏడవడం మొదలుపెట్టి తెల్లారి ఐదింటికి ఆపింది. కడుపునొప్పి అనుకున్నాం. మర్నాడూ అంతే. ఆ తరవాత నాలుగు నెలలూ అంతే.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మాది ఒక గది, ఒక వరండా ఉన్న క్వార్టరు. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో టర్నరు, లేత్ మిషను మీద ఇనుము చెక్కే పని. ఆయన నాకు మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయ్యాక కూడా బావ అనే పిలిచేదాన్ని. మా అత్త, అంటే మా నాన్న సొంత అక్క, మాతోనే ఉండేది. మేం నలుగురం ఆ ఒక్క గదిలోనే పడుకునేవాళ్ళం.

నాకు లెక్క రాసుకునే అలవాటు చిన్నప్పటినుంచీ ఉంది. గోడ మీది క్యాలెండరు గడుల్లో ఏ రాత్రి నేను ఎంతసేపు నిద్రపోయానో రాసేదాన్ని. ఆ క్యాలెండరు ఇప్పటికీ నా దగ్గరుంది. జనవరి ముప్పయ్యొక్క రాత్రులకు కలిపి తొంభై మూడు గంటలు. అంటే రాత్రికి మూడు, అవి కూడా ముక్కలుముక్కలుగా. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది రాత్రులకు డెబ్బై గంటలు, అంటే రాత్రికి రెండున్నర. మార్చిలో లెక్క లేదు. మార్చి 11 గడిలో ఒక అంకె మీద ఇంకో అంకె వేసి ఉంది. ఆ తరవాత గడులు ఖాళీ.

ఈ మధ్య మా పక్కింటి అమ్మాయి ఆరు నెలల బాబుని భుజాన వేసుకొచ్చి, "పెద్దమ్మా, వీణ్ణి పడుకోబెట్టడానికి మీ కాలంలో ఏదో మందుండేదట కదా?" అని అడిగింది. ఉండేది. అందుకే ఇది రాస్తున్నాను.

1962 జనవరి నుంచి ఏప్రిల్ వరకు

ఎవరేం చెబితే అది చేశాం. వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాశాం. వాము నీళ్ళు పట్టాం. ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశాం. మా ఎదురు క్వార్టరులో ఉండే బెంగాలీ ఆవిడని అందరం మాసీమా, అంటే పిన్నిగారూ అనేవాళ్ళం. ఆవిడ ఆవనూనె గోరువెచ్చ చేసి తెచ్చి పాప అరికాళ్ళకి తనే మర్దనా చేసేది. గోల్‌బజార్‌లో కొన్న గ్రైప్ వాటర్ సీసాలు నాలుగు ఖాళీ అయ్యాయి. ఏదీ పని చెయ్యలేదు. ఎత్తుకుని తిరుగుతుంటే ఊరుకునేది. దింపితే ఏడ్చేది. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి పద్నాలుగు అడుగులు. ఎన్నిసార్లు తిరిగానో మాత్రం లెక్కపెట్టలేదు.

మా గోడకు అవతలి క్వార్టరు దాలమ్మది. వాళ్ళాయన కూడా వర్క్‌షాపే. పొద్దున్న కుళాయి దగ్గర బిందె పెడుతూ మా కుమారి గురించి నలుగురిలోనూ అనేది:

"ఒలే, నీ గుంటని వర్క్‌షాపుకి ఇచ్చీరాదేటే? సైరన్ ఖర్సు కలిసొస్తాది ఆళ్ళకి."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఒకరోజు నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి వెళ్ళిపోయాను. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా అలాగే నిలబడిపోయాను. అప్పుడు దాలమ్మే నా బిందె ఎత్తి మా గుమ్మంలో పెట్టి వెళ్ళింది. ఆ తరవాత ఆ హాస్యం మళ్ళీ ఆడలేదు.

ఏప్రిల్ 19 మధ్యాహ్నం బావ పన్నెండు దాటకుండానే ఇంటికొచ్చాడు. కుడి ముంజేతికి కట్టు ఉంది.

"ఏటయినాది బావా?"

"ఏటీ అవ్వనేదు."

"మరి సెయ్యి?"

"లేత్ దగ్గర నిల్సునే తొంగున్నాను. సొక్కా సెయ్యి పట్టీసినాది. పక్కోడు లాగీసినాడు గానీ, నేపోతే సెయ్యే పోను." గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "ఇంకోపాలి ఇలాగయితే రిపోర్టు రాసీస్తానన్నాడు సార్జిమేను."

సార్జిమేను అంటే షాపులో అతని పైఅధికారి, ఛార్జ్‌మన్. ఆరు కుట్లు పడ్డాయి. ఆ రాత్రి కుమారి ఏడుస్తుంటే బావ లేచి దుప్పటి పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఎక్కడ పడుకున్నాడో నాకు తెలియదు. ఆ రాత్రే నాకు ఒక పాడు ఆలోచన వచ్చింది. అది ఇక్కడ రాయను. రెండోసారి కూడా వచ్చింది. ఆ తరవాత కుమారితో ఒంటరిగా గదిలో ఉండాలంటే నాకు భయం వేసేది.

మే 3 నుంచి మే 14 వరకు

అత్తకి కీళ్ళనొప్పులు. వాటికి ఆమె నల్లమందు వేసుకునేది. ఆ రోజుల్లో చీటీ ఉన్నవాళ్ళకి సర్కారు దుకాణంలో కొలిచి ఇచ్చేవారు. చిన్న రేకు డబ్బాలో పెట్టి గూట్లో దాచుకునేది. మే 3 సాయంత్రం ఆ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"పాలల్లో రవ్వంత. గుంట తొంగుంటాది, నువ్వూ తొంగుంటావు."

"అది విషం కదత్తా."

"మీ బావని నాను అలాగే పెంచినాను. సచ్చిపోయినాడేటి? ఊడుపులకెల్తే మా ఊళ్ళో ఆడోళ్ళందరం గుంటలకి ఏలితో రాసీసి గట్టుమీద తొంగోబెట్టీసీవోళ్ళం. నేపోతే పని ఎలాగ సేత్తాం?"

నేను ఎనిమిదో తరగతి చదివాను. నల్లమందు ఏమిటో నాకు తెలుసు. అయినా సరేనన్నాను. ఈ తప్పు అత్త మీదకి తోసెయ్యడం లేదు. మందు ఆమెది, సరే అన్న మాట నాది. ఎంత పెట్టామో మాత్రం ఇక్కడ రాయను. అన్నీ కొలిచి రాసే నేను ఆ ఒక్క కొలత ఎవరికీ చెప్పలేదు, చెప్పను.

మొదటి రాత్రి కుమారి ఐదు గంటలు పడుకుంది. రెండో రాత్రి ఆరున్నర. క్యాలెండరులో మళ్ళీ అంకెలు మొదలయ్యాయి. ఐదు, ఆరున్నర, ఆరు, ఏడు. వాటిని చూస్తే నాకు సంతోషంగా ఉండేది. ఇప్పుడు ఆ గడుల దగ్గరికి వస్తే పేజీ తిప్పేస్తాను. బావ వర్క్‌షాపు నుంచి ఈల వేస్తూ వచ్చేవాడు. దాలమ్మ గోడ అవతల నుంచి, "ఏటే, గుంట ఊరెల్లిపోయినాదేటి?" అని అడిగింది. నల్లమందు సంగతి బావకి గానీ మాసీమాకి గానీ మేం చెప్పలేదు. మాసీమా తన ఆవనూనే పని చేసిందని మురిసిపోయేది.

పాప పగలు కూడా మత్తుగా ఉండడం నేను చూశాను. నవ్వడం తగ్గింది. పాలు సగం తాగి వదిలేసేది. చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను.

మందు రాత్రి ఎనిమిదింటికి, నేనే ఇవ్వాలని నియమం పెట్టుకున్నాం. కానీ రెండుసార్లు నేను బావకి వడ్డిస్తూ ఉండడంతో అత్త ఇచ్చింది. అప్పటినుంచి ఎనిమిదింటికి ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ళు ఇవ్వడం అలవాటైపోయింది. ఇచ్చానని నోటితో చెప్పుకునేవాళ్ళం.

మే 14న ఎండ మండిపోయింది. అత్త ఝపటాపూర్‌లో తెలిసినవాళ్ళింట్లో ఎవరో పోతే పలకరించడానికి వెళ్ళింది. నాలుగు నెలల బాకీ నిద్రంతా ఆ రోజే మీద పడ్డట్టు నేను నిలబడలేకపోయాను. ఎనిమిది దాకా ఆగలేక ఆరున్నరకే పాపకి మందు ఇచ్చేశాను. పక్కన పడుకోబెట్టుకుని నేనూ పడుకున్నాను. వంట పొద్దున్నదే ఉంది. బావ వస్తే అత్త పెడుతుందిలే అనుకున్నాను.

అత్త ఎనిమిదింటికి వచ్చింది. నేను ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాను. పాప కదిలి మూలిగిందట. నన్ను లేపుదామని భుజం మీద చెయ్యి వేసి, పాపం పడుకోనీ అని తీసేసిందట. గూట్లోంచి డబ్బా తీసి, రోజూ ఇచ్చేది ఇచ్చింది.

నన్ను లేపలేదు. లేపితే చెప్పేదాన్ని. ఆమె నా మీద దయ చూపించింది.

మే 15, 16

నేను లేచేసరికి నాలుగూ నలభై. పాలతో రవిక తడిసిపోయి ఉంది. అంత చీకట్లోనూ మొదట తోచిన మాట, ఎంత నిద్ర పట్టిందో అని. ఆ తరవాతే పాప ఏడవలేదని తెలిసింది.

ముట్టుకుంటే చల్లగా ఉంది. పెదవులు నల్లబడ్డాయి. ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి వచ్చింది. మళ్ళీ వచ్చేలోపు నేను పదకొండు లెక్కపెట్టాను.

బావ చొక్కా లేకుండానే రోడ్డు మీదకి పరుగెత్తాడు. ఆ కేకలకి మాసీమా వచ్చి, తమ గుమ్మం ముందు పడుకునే రిక్షా అతన్ని లేపింది. తన శాలువాలో పాపని చుట్టి నా ఒళ్ళో పెట్టింది. ఆసుపత్రికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. అత్త రిక్షా వెనకాల చెప్పుల్లేకుండా నడిచి వచ్చింది.

డ్యూటీలో ఉన్నది ఒక బెంగాలీ లేడీ డాక్టరు, నడివయసు మనిషి. పాప కనురెప్ప ఎత్తి చూసి నన్ను హిందీలో అడిగింది, ఏం పెట్టారని.

"జాజికాయ," అన్నాను.

"ఇంకేం పెట్టారు?"

"ఇంకేం లేదు."

బావ పక్కనే ఉన్నాడు. అత్త తలుపు దగ్గర ఉంది, ఆమె కూడా నిజం బయటపెట్టలేదు. డాక్టరు నా ముఖంలోకి చూసి లోపలికి వెళ్ళిపోయింది. పోలీసులు వస్తారని, అత్త చీటీ పోతుందని, అందరికంటే ముందు బావకి తెలిసిపోతుందని ఆ క్షణంలో నాకు తోచాయి. పాప చచ్చిపోతుందన్న సంగతి వాటి తరవాత వచ్చింది. ఆ వరస అలాగే రాస్తున్నాను.

ఆ వార్డులో ఆయా మన శ్రీకాకుళం వైపు మనిషి, పెద్దావిడ. బకెట్టు పట్టుకుని వెళ్తూ నా దగ్గర ఆగి వంగింది.

"అమ్మీ, నల్లమందు ఎట్టినారేటి?"

నేను తల తిప్పుకున్నాను.

"నన్ను సూడు. మా కాడా ఎడతారు. నానూ ఎట్టినాను నా కొడుక్కి. నిన్ను ఎవులూ ఏటీ అనరు. ఆయమ్మకి సెప్పీయ్, ఎల్లు. సెప్తే బతుకుతాది, నేపోతే నేదు."

నేను లోపలికి పరుగెత్తి చెప్పాను. నేను అబద్ధమాడినప్పటి నుంచి నిజం చెప్పేదాకా గోడ గడియారం ప్రకారం ఇరవై ఐదు నిమిషాలు. డాక్టరు అప్పటికే అనుమానించి చెయ్యాల్సింది మొదలుపెట్టింది. ఆవిడ గొప్పతనం వల్ల ఆ ఇరవై ఐదు నిమిషాలు పాపని చంపలేదు. నా వల్ల కాదు.

ఆవిడ నన్ను తిట్టలేదు. ఒక్క మాటే చెప్పింది. "ఇప్పుడు మీ పని ఒకటే. దీన్ని నిద్రపోనివ్వకండి."

నాలుగు నెలలపాటు పాప నిద్రపోతే చాలని దేవుళ్ళందరికీ మొక్కిన దాన్ని. ఆ రోజంతా, ఆ రాత్రంతా పాప అరికాళ్ళ మీద వేళ్ళతో కొడుతూ కూర్చున్నాను. కళ్ళు మూతపడగానే కొట్టాలి. ఊపిరి ఆలస్యమైతే కొట్టాలి. నేను, బావ, మా వెనకే వచ్చిన మాసీమా వంతులు వేసుకున్నాం. నా చేతులతోనే ఆ అరికాళ్ళు ఎర్రగా కందిపోయాయి.

అత్తని బావ లోపలికి రానివ్వలేదు. వరండాలో అందరూ వింటుండగా అన్నాడు:

"నువ్వే సంపీసినావు నా కూతుర్ని. నీ మొకం నాకు సూపించకు."

"అవును నాయినా, నానే," అంది అత్త. నేను ముందు ఇచ్చానని అప్పటికి ఆమెకి తెలుసు. డాక్టరుతో చెప్పి బయటికి వస్తూ ఆమెకీ చెప్పేశాను. అయినా నా పేరు ఎత్తలేదు. బావకి హిందీ సరిగ్గా రాదు, నల్లమందు అన్న ఒక్క మాట తప్ప అతనికి ఇంకేం అర్థం కాలేదు. నేనూ నోరు విప్పలేదు. ఒక పగలూ ఒక రాత్రీ ఆమె ఆ వరండా బల్ల మీద ఒంటరిగా కూర్చుంది.

మర్నాడు పొద్దున్న బావ టీ తెచ్చి ఇస్తుంటే చెప్పాను. "బావా, ముందు ఇచ్చింది నాను. అత్తకి తెలీదు."

అతను గ్లాసు కింద పెట్టాడు. "ఇద్దరూ కలిసి," అన్నాడు. పాప అరికాళ్ళ దగ్గర కూర్చుని తన వంతు అందుకున్నాడు. ఏదైనా అంటే బాగుండేది.

16 మధ్యాహ్నం మూడూ పదికి కుమారి కళ్ళు తెరిచి, ముఖం ముడిచి, ఏడ్చింది. మొదట గొంతు రాలేదు. తరవాత వచ్చింది. వార్డంతా వినబడేలా ఏడ్చింది. ఆయా ఉన్నచోటునుంచే చేతులెత్తి, "ఏడూ తల్లీ, ఏడూ! ఇంకా గట్టిగా ఏడూ!" అని అరిచింది. ఆ ఏడుపు ఆగకూడదని నేను కూడా దణ్ణం పెట్టుకున్నాను.

మే 21 నుంచి సెప్టెంబరు వరకు

మే 21న ఇంటికి పంపారు. అత్త ఆ డబ్బా తీసుకెళ్ళి దుకాణంలో చీటీతో సహా ఇచ్చేసింది. మందు మానేసినందుకు తను కూడా మూడు వారాలు వణుకుతూ, వాంతులు చేసుకుంటూ మూల పడి ఉంది. నేను గంజి ఆమె దగ్గర పెట్టి వచ్చేసేదాన్ని. పక్కన కూర్చోలేదు.

పాపని ఆమె ముట్టుకోలేదు. ముట్టుకోవద్దని నేను అనలేదు. కానీ ఆమె చెయ్యి చాచిన మొదటి రోజు నేను పాపని ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయాను. అంతే, మళ్ళీ చాచలేదు.

పరీక్షకి వెళ్ళినప్పుడల్లా డాక్టరు పాప నిద్ర గురించి అడిగేది. ఆవిడ చెప్పింది మందు కాదు, ఓపిక. పగలు వెలుతురులో ఉంచు, రాత్రి దీపం తగ్గించు. రోజూ ఒకే వేళకి స్నానం, పాలు, పడక. నిద్ర పూర్తిగా పట్టాక దింపకు, కళ్ళు మగతగా ఉండగానే దింపి పక్కనే చెయ్యి వేసి ఉండు. మూలగగానే ఎత్తుకోకు, కాస్త ఆగి చూడు. జూన్‌లో ఏమీ మారలేదు. జూలైలో నాలుగుసార్లు లేవడం రెండుసార్లయింది. ఆగస్టు ఆఖరుకి తొమ్మిదింటికి పడుకుని నాలుగింటికి లేచేది. ఎలాంటి మందూ లేకుండా ఏడు గంటలు.

అయితే ఈసారి నా నిద్ర పోయింది.

పాప నిద్రపోతున్నకొద్దీ నాకు భయం. ఏడ్చినప్పుడు బతికే ఉందని తెలిసేది. ఊరుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టేదాన్ని. పదకొండు లెక్కపెట్టేలోపు ఊపిరి రావాలి. వచ్చేది. మళ్ళీ పెట్టేదాన్ని. ఒక్కోసారి ఊపిరి తగల్లేదనిపించి అరికాలి మీద కొట్టి లేపేసేదాన్ని. అది ఉలిక్కిపడి ఏడిస్తే గానీ నా గుండె కుదుటపడేది కాదు. పగలు కుళాయి చప్పుడు ఏడుపులా వినబడేది. రైలు కూత ఏడుపులా వినబడేది. అన్నం వార్చడానికి కూర్చుని గంజి కాలి మీద పోసుకున్నాను.

సెప్టెంబరు 8న పాపని ఎత్తుకుని కుళాయి మెట్లు దిగుతుంటే కళ్ళకి చీకట్లు కమ్మి పడ్డాను. దాలమ్మ పాపని అందుకుంది. నాకు నుదురు చిట్లింది. డాక్టరు కట్టు కడుతూ, చివరిసారి రాత్రంతా ఎప్పుడు నిద్రపోయావని అడిగింది.

"మే 14."

ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. "పాపకి జబ్బు లేదు. ఇప్పుడు జబ్బు నీకు. రాత్రి పాప దగ్గర ఇంకెవరైనా మెలకువగా కూర్చుంటేనే నీకు నిద్ర పడుతుంది. ఇంట్లో ఎవరున్నారు?"

బావకి ఆ నెల నైట్ షిఫ్టు. మాసీమా మనవరాలి పురిటికి వెళ్ళింది. ఇంట్లో ఉన్నది ఒక్క మనిషే.

ఆ రాత్రి తొమ్మిదింటికి పాప పడుకుంది. అత్త తన మూల గోడవైపు తిరిగి కూర్చుంది. పాపని చాపతో సహా లాక్కెళ్ళి ఆమె పక్కన పెట్టాను.

"అత్తా, దీన్ని సూడు. నాను తొంగుంటాను."

ఆమె గోడవైపు నుంచి నా వైపు తిరిగింది. "నన్ను నమ్ముతావేటే?"

"నమ్మీ నమ్మకా కాదు. నాను తొంగోపోతే సచ్చిపోతాను. అప్పుడు దీన్ని నువ్వే పెంచాలి."

ఆమె చెంగు తీసి చేతులు తుడుచుకుంది. తడి లేకపోయినా రెండోసారి తుడుచుకుంది. తరవాత అరచెయ్యి పాప గుండె మీద ఆనీ ఆననట్టు పెట్టింది.

నేను వరండాలో పడుకున్నాను. రెండుసార్లు తలెత్తి చూసినట్టు గుర్తు. ఆ తరవాత ఏమీ లేదు.

లేచేసరికి వర్క్‌షాపు సైరన్ మోగుతోంది. నేను పడుకుని తొమ్మిది గంటల పైనే అయింది. గదిలోకి పరుగెత్తాను. అత్త అలాగే కూర్చుని ఉంది, చెయ్యి అక్కడే ఉంది. పాప నోరు తెరుచుకుని, వెచ్చగా, పడుకుని ఉంది. అత్త కళ్ళు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఎన్నిమాట్లు నెగిసినాది అత్తా?"

"అదేటీ నెగనేదు," అంది. తల దించుకుంది. "నానే నెగిపినాను. మూడు మాట్లు. ఊపిరుందో నేదో అని బయమేసినాది. అరికాలు మీద కొట్టినాను, ఏడిసినాది, మళ్ళీ తొంగోబెట్టినాను."

నేను ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను. నాలుగు నెలల్లో ఆమె పక్కన కూర్చోవడం అదే మొదలు. ఆమె కాలు తిమ్మిరెక్కి కదలడం లేదు. ఒళ్ళోకి తీసుకుని పిక్క నొక్కుతూ అన్నాను:

"రేపు నెగపకత్తా. తొంగోనీ."